డేటా ఎవరు తింటున్నారో కంప్యూటర్‌నే అడగాలి

అనంతపురంలో జేఎన్‌టీయూ చుట్టుపక్కల రూముల్లో ఉండే విద్యార్థుల్లో చాలామందికి విడిగా బ్రాడ్‌బ్యాండ్ ఉండదు. రోజుకు 1.5 జీబీనో 2 జీబీనో వచ్చే ప్యాక్ ఫోన్‌లో వేయించుకుని, హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చుకుంటారు. పొద్దున తొమ్మిదికి కలిపితే, టిఫిన్ చేసి వచ్చేసరికి సగం డేటా అయిపోయిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చి ఉంటుంది. తెరిచింది మాత్రం ఒక పీడీఎఫ్, రెండు వెబ్‌సైట్లు. కోటా పూర్తిగా అయిపోయాక చాలా ప్యాకుల్లో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. అంటే 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఉన్న హాల్‌టికెట్ దిగాలంటే రెండు నిమిషాల పైనే పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే.

కమలానగర్‌లోని డీటీపీ, జిరాక్స్ షాపులది ఇంకో రకం బాధ. అక్కడ ఫైబర్ లైన్ ఉంటుంది కాబట్టి డేటాకు రోజువారీ లెక్క ఉండదు. కానీ ఒకే లైన్ మీద నాలుగైదు సిస్టమ్‌లు నడుస్తుంటాయి. ఏదో దరఖాస్తుకు చివరి రోజున కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఓనర్ కేబుల్ అతనికి ఫోన్ చేస్తాడు. అతను వచ్చి బాక్స్ ఆపి మళ్లీ వేస్తాడు, స్పీడ్ టెస్ట్ పెట్టి చూపిస్తాడు. ప్లాన్‌లో చెప్పిన వేగం చెప్పినట్టే వస్తుంది. "మా లైన్ బాగుందన్నా, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది" అనేసి వెళ్లిపోతాడు. తప్పించుకోవడానికి అన్న మాటలా వినిపిస్తుంది గానీ, చాలాసార్లు అతను చెప్పిందే నిజం.

ఆ "ఏదో" పేరు తెలుసుకునే సాధనం విండోస్‌లోనే ఉంది. పైసా ఖర్చు లేదు. దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడకుండానే ఎక్కువ ధర ప్లాన్‌కు మారేవాళ్లు కనిపిస్తారు. అలా మారినా, పెరిగిన వేగాన్ని ముందు వాడుకునేది వెనకాల కూర్చుని తింటున్న ఆ ప్రోగ్రామే.

లైన్‌కు తెలియనిది

రౌటర్‌లోకి లాగిన్ అయితే ఏ ఫోన్, ఏ ల్యాప్‌టాప్ కలిసి ఉన్నాయో కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో దేనికి ఎంత డేటా పోయిందో కూడా ఉంటుంది. అంతకు మించి దానికి తెలియదు. కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి డేటా ముక్క (ప్యాకెట్) మీద పంపినవారి ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కంప్యూటర్ చిరునామా), పోర్ట్ నంబర్ (అందులో ఏ కనెక్షన్‌దో చెప్పే నంబర్), అందుకునేవారి ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్, ఏ ప్రోటోకాల్ (డేటా పంపే పద్ధతి) అన్న వివరాలు ఉంటాయి. ప్రోగ్రామ్ పేరుకు అందులో చోటే లేదు. క్రోమ్ పంపినా, విండోస్ అప్‌డేట్ పంపినా, వైరస్ పంపినా ప్యాకెట్ తీరు ఒక్కటే. పోర్ట్ నంబర్‌ను బట్టి ఊహిద్దామంటే, ఈ రోజుల్లో చాలావరకు అంతా 443 అనే ఒకే పోర్ట్‌కు పోతుంది, అది కూడా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలో.

తుంగభద్ర ఎగువ కాలువలో జిల్లాకు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో గేజీ దగ్గర కొలుస్తారు. ఏ తూము కింద ఎవరి మడి తడిసిందో ఆ గేజీ చెప్పలేదు. అది తూము దగ్గరికి పోయి చూడాల్సిన సంగతి.

కంప్యూటర్‌లో ఆ లెక్క విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. మామూలు ప్రోగ్రామ్ ఏదీ నేరుగా వైర్ మీదికి పోలేదు. ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి సాకెట్, అంటే నెట్‌కు ఒక దారి, తెరిపించుకోవాలి. సిస్టమ్ దానికి 65 వేల పైచిలుకు పోర్ట్ నంబర్లలో ఒకటి ఇచ్చి, ఫలానా పోర్ట్ ఫలానా ప్రాసెస్‌ది (నడుస్తున్న ప్రోగ్రామ్‌ది) అని రాసిపెట్టుకుంటుంది. ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబర్ ఉంటుంది, దాన్నే పీఐడీ అంటారు. విండోస్‌తో వచ్చే టాస్క్ మేనేజర్ అయినా, డబ్బులు పెట్టి కొన్న నెట్ మానిటరింగ్ ప్రోగ్రామ్ అయినా చివరికి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిన ఈ లెక్క మీదే ఆధారపడతాయి.

అందుకే షాపులో ఐదు సిస్టమ్‌లు ఉంటే ఐదింటినీ విడివిడిగా చూడాలి. ఒకదాంట్లో కూర్చుని పక్కదాని సంగతి తెలుసుకునే సులువైన దారి లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కైతే ఇంకా కష్టం. ఫోన్ సెట్టింగుల్లో డేటా వాడకం చూస్తే ల్యాప్‌టాప్ తిన్నదంతా "హాట్‌స్పాట్" అనే ఒకే పద్దు కింద ముద్దగా పడి ఉంటుంది. ఫోన్‌ను ఎంత తిట్టుకున్నా అంతకన్నా వివరం రాదు.

ఎక్కడ చూడాలి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసెస్ జాబితాలో "నెట్‌వర్క్" అన్న కాలమ్ హెడింగ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. తొలి చూపుకు ఇది చాలు. కాకపోతే ఇది చూపేది ఈ క్షణాన్ని మాత్రమే. నెట్ మందగించిన సమయంలో తెరిచి కొంతసేపు ఉంచితేనే ఉపయోగం. కస్టమర్లంతా వెళ్లిపోయాక తీరిగ్గా తెరిస్తే అన్నీ సున్నాలే కనిపిస్తాయి.

దీనికన్నా వివరంగా చూపేది రిసోర్స్ మానిటర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైప్ చేస్తే వస్తుంది. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రతి ప్రోగ్రామ్ ఎంత పంపుతోంది, ఎంత తెచ్చుకుంటోంది అన్నవి వేరువేరు కాలమ్స్‌లో, గడచిన నిమిషం సగటుగా కనిపిస్తాయి. పంపడాన్నీ తెచ్చుకోవడాన్నీ విడదీసి చూపడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని అసలు విలువ అక్కడే ఉంది. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునేవాళ్లు ఒకచోట తికమక పడతారు. టాస్క్ మేనేజర్ మెగాబిట్లలో చెబుతుంది, రిసోర్స్ మానిటర్ బైట్లలో చెబుతుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి సెకనుకు 40 మెగాబిట్లు అన్నా, 5 మెగాబైట్లు అన్నా ఒకటే వేగం. నెట్ కంపెనీలు ప్లాన్లను బిట్లలో అమ్ముతాయి. డౌన్‌లోడ్ అవుతున్న ఫైలు పక్కన బ్రౌజర్ చూపేదేమో బైట్లు. "40 అన్నారు, 5 కూడా దాటట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

రోజువారీ కోటాతో నెట్టుకొచ్చేవారికి పై రెండింటికన్నా అక్కరకొచ్చేది సెట్టింగ్స్‌లో ఉన్న "డేటా యూసేజ్" పేజీ. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద ఉంటుంది. విండోస్ 11లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా వాడిందో అక్కడ వరుసగా ఉంటుంది. పైన నెట్‌వర్క్ పేరు మార్చుకుని ఫోన్ హాట్‌స్పాట్‌ను ఎంచుకుంటే దాని లెక్క మాత్రమే కనిపిస్తుంది. రూమ్‌మేట్ వైఫైలో వాడింది ఇందులో కలవదు. ముందుగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకపోయినా ఈ పాత లెక్క ఎలా వచ్చిందంటే, విండోస్ 8 నుంచీ సిస్టమ్ తెర వెనుక ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో రాసి పెట్టుకుంటూనే ఉంది. సైబర్ కేసుల్లో కంప్యూటర్‌ను పరిశీలించే ఫోరెన్సిక్ నిపుణులు వెతికే ఆధారాల్లో ఈ రికార్డు కూడా ఒకటి.

బయటి ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. గ్లాస్‌వైర్ ఈ వాడకాన్నంతా గ్రాఫ్‌గా గీసి చూపిస్తుంది. నెట్‌లిమిటర్ అయితే ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇంత వేగమే అని హద్దు పెట్టగలదు, దానికి డబ్బులు కట్టాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే టీసీపీవ్యూ ప్రతి కనెక్షన్‌నూ అది ఏ ప్రోగ్రామ్‌దో దానితో సహా చూపిస్తుంది, కొత్తవి పుడుతుంటే, పాతవి పోతుంటే రంగు మారుస్తుంది. మాక్‌లో యాక్టివిటీ మానిటర్‌కు నెట్‌వర్క్ ట్యాబ్ ఉంది. లినక్స్‌లో నెట్‌హాగ్స్ అనే చిన్న సాధనం ఈ పనికే పుట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు. "నెట్ స్పీడ్ బూస్టర్" పేరుతో దొరికేవి ఇంకో ఎత్తు. లైన్ వేగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పెంచలేదు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది. తినేవాళ్ల జాబితాలో ఇంకో పేరు చేరడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ ఉండదు.

పేరు దొరికాక మొదలయ్యే చిక్కు

జాబితాలో పైన "క్రోమ్" అనో, గేమ్‌ల యాప్ "స్టీమ్" అనో ఉంటే పని సులువు. చాలాసార్లు అక్కడ కనిపించేది ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు. అది వైరస్ అని బెదిరిపోయి ఎండ్ టాస్క్ కొట్టేవాళ్లు ఉన్నారు. అది విండోస్‌కు చెందినదే. విండోస్‌లో తెర వెనుక పనులు చేసే సర్వీసుల్లో చాలావి సొంత పేరుతో నడవవు, ఈ ఎస్‌వీసీహోస్ట్ కింద నడుస్తాయి. అప్‌డేట్లు తెచ్చేది, వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది, వైఫైలో అడ్రస్ తెచ్చుకునేది అన్నీ ఆ ముసుగులోనే ఉంటాయి. ఒకప్పుడు ఒక్కో ఎస్‌వీసీహోస్ట్‌లో పది సర్వీసులు కలిసి ఉండేవి, ఎవరు వాడారో తేల్చడం నిజంగానే కష్టం. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, 3.5 జీబీ కన్నా ఎక్కువ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లలో చాలా సర్వీసులను విడదీసి దేనికది నడుపుతున్నారు. టాస్క్ మేనేజర్‌లో "సర్వీస్ హోస్ట్" పక్కనున్న బాణం గుర్తు మీద నొక్కితే లోపలున్న సర్వీసు అసలు పేరు బయటపడుతుంది.

బ్రౌజర్‌ది ఇంకో చిక్కు. ఇప్పుడు పనంతా బ్రౌజర్‌లోనే జరుగుతోంది కాబట్టి "క్రోమ్ వాడుతోంది" అన్న సమాధానం వల్ల తెలిసేది తక్కువ. క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఉండి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్‌కు సొంతంగా ఉన్న టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ నెట్‌ను వాడుతోందో అందులో విడివిడిగా ఉంటుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువే. అన్ని ట్యాబులూ మూసినా డేటా పోతూనే ఉందంటే, బ్రౌజర్ మూశాక కూడా వెనకాల నడిచే వీలు కల్పించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆపి చూడాలి.

వీపీఎన్ (నెట్ డేటానంతా వేరే సర్వర్ గుండా మళ్లించే ప్రోగ్రామ్) వాడేవారికి మొత్తం లెక్క వీపీఎన్ ప్రోగ్రామ్ పేరు మీదే పడి కనిపించవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు వెబ్ డేటాను ముందు తమ గుండా తీసుకుని పరీక్షిస్తాయి, అప్పుడు జాబితాలో పైకి వచ్చేది యాంటీవైరస్ పేరు. బట్వాడా చేసినవాడి పేరే గానీ తెప్పించుకున్నవాడి పేరు కాదది.

అవతలి అడ్రసులు చూసి కంగారు పడేవారూ ఉంటారు. రిసోర్స్ మానిటర్‌లో 1ఈ100 డాట్ నెట్ అనే వింత పేరు తరచూ కనిపిస్తుంది. అది గూగుల్‌దే. ఒకటి పక్కన వంద సున్నాలు పెడితే వచ్చే సంఖ్య పేరు గూగోల్, దాన్ని అలా రాసుకున్నారు. అకమై అన్న పేరు కనిపిస్తే ఏ కంపెనీదో అసలు చెప్పలేం, ఎందుకంటే ఎన్నో కంపెనీల ఫైళ్లను తన సర్వర్ల నుంచి అందించడమే అకమై వ్యాపారం. 127.0.0.1 అని ఉంటే అది కంప్యూటర్ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. ఆ డేటా బయటికి రాదు, కోటాలో పడదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ కొట్టే అలవాటున్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. అది చూపేది కనెక్షన్లను, డేటా పరిమాణాన్ని కాదు. "ఎస్టాబ్లిష్డ్" అని ఉన్న కనెక్షన్‌లో గంటసేపు ఒక్క బైటు కూడా కదలకపోవచ్చు. దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. యూట్యూబ్ లాంటి సైట్లు ఇప్పుడు క్విక్ అనే ప్రోటోకాల్ వాడుతున్నాయి. 2021లో ప్రమాణంగా ప్రకటించిన ఈ ప్రోటోకాల్ వెబ్‌సైట్లు మామూలుగా వాడే టీసీపీ మీద కాక, ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండానే డేటా పంపే యూడీపీ మీద నడుస్తుంది. యూడీపీకి నెట్‌స్టాట్ అవతలి అడ్రస్ చూపదు, నక్షత్రం గుర్తులు పెట్టి ఊరుకుంటుంది. వీడియో దంచి కొడుతున్నా నెట్‌స్టాట్ జాబితా ఖాళీగా, అమాయకంగా కనిపించేది ఇందుకే. పరిమాణం కావాలంటే రిసోర్స్ మానిటరే నయం.

ఎవరు తింటున్నారు

చాలా సిస్టమ్‌లలో తేలేది దొంగ కాదు. తనకు అప్పగించిన పనే చేస్తున్న ప్రోగ్రామ్, కాకపోతే చేయకూడని వేళలో.

మైక్రోసాఫ్ట్ నెలనెలా ఇచ్చే భద్రతా అప్‌డేట్‌ను రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున పదింటికి వదిలితే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అప్పటికి షాపులు మూసేసి ఉంటాయి. బుధవారం పొద్దున షట్టర్ ఎత్తి అన్ని సిస్టమ్‌లూ ఒకేసారి ఆన్ చేయగానే, ప్రతిదీ ఆ అప్‌డేట్ కోసం ఎగబడుతుంది. ఒక్కోటి కొన్ని వందల ఎంబీలు ఉంటుంది, ఒక జీబీ దాటడమూ ఉంది. ఐదు సిస్టమ్‌లు ఒకే ఫైలును ఐదుసార్లు తెచ్చుకుంటే ఆ పూట నెట్ ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నెలకోసారి బుధవారమే నెట్ నీరసిస్తోందని ఎవరైనా అంటే అది మూఢనమ్మకం కాకపోవచ్చు. (2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతోనే నడుస్తున్న షాపుల్లో ఈ రద్దీ తగ్గి ఉంటుంది. సంతోషించాల్సిన విషయం కాదది.)

దీనికి మందు విండోస్‌లోనే ఉంది, పేరు డెలివరీ ఆప్టిమైజేషన్. ఒక సిస్టమ్ తెచ్చుకున్న అప్‌డేట్ ముక్కలను అదే నెట్‌వర్క్‌లోని మిగతా సిస్టమ్‌లు దాని దగ్గరే తీసుకుంటాయి, మళ్లీ బయటికి పోవు. సెట్టింగ్‌లో "లోకల్ నెట్‌వర్క్‌లోని డివైసులు" అన్నది ఎంచుకుంటే షాపుకు లాభం. దాని కిందే ఇంటర్నెట్‌లోని డివైసులను కూడా కలిపే ఇంకో ఎంపిక ఉంటుంది. అది పెడితే ముక్కూమొహం తెలియని వాళ్ల కంప్యూటర్లకు కూడా మన లైన్ మీద నుంచే అప్‌డేట్లు పంచిపెడుతూ ఉంటాం. ఈ రెండింటి మధ్య తేడా గమనించకపోతే మంచి సదుపాయమే ఎదురు తిరుగుతుంది. అక్కడే బ్యాండ్‌విడ్త్‌కు హద్దు పెట్టే వీలు కూడా ఉంది.

ఇక రిసోర్స్ మానిటర్‌లో "సెండ్" కాలమ్ సంగతి. నెట్ స్లో అనగానే అందరి కళ్లూ డౌన్‌లోడ్ మీదే ఉంటాయి. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోను తీసుకుంటే, ఒక్క పెళ్లికి పదుల జీబీల ఫొటోలు, వీడియోలు డెస్క్‌టాప్ మీదే ఫోల్డర్లుగా పేరుకుంటాయి. కొత్త విండోస్ 11 సిస్టమ్ కొని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాక, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్ తీసుకోవడం చాలాసార్లు ఓనర్‌కు తెలియకుండానే మొదలై ఉంటుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది నిండేదాకా ఫొటోలు పైకి పోతూనే ఉంటాయి.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు పడిపోవాలి? కిందికి వచ్చే డేటా అందిందని కంప్యూటర్ ఎప్పటికప్పుడు అవతలి సర్వర్‌కు చిన్న రసీదు పంపుతుంది. రసీదు అందితేనే సర్వర్ తర్వాతి విడత వదులుతుంది. పైకి పోయే దారిలో ఫొటోలు బారులు తీరి ఉంటే రసీదు కూడా ఆ వరుసలో నిలబడాలి. అది ఆలస్యమైన కొద్దీ డౌన్‌లోడ్ నీరసిస్తుంది, వీడియో కాల్‌లో మాట తెగుతుంది. పైకీ కిందికీ సమాన వేగం ఇచ్చే ఫైబర్ ప్లాన్లలో ఇది తక్కువ. అప్‌లోడ్ సన్నగా ఉండే మొబైల్ హాట్‌స్పాట్‌లో ఒక్క వన్‌డ్రైవ్ చాలు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో గొంతు రోబోలా మారడానికి. వన్‌డ్రైవ్‌లోనూ, గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లోనూ అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది. సగానికి కుదించి పెడితే బ్యాకప్ రాత్రంతా నింపాదిగా జరుగుతుంది, పగలు పని సాగుతుంది.

హాట్‌స్పాట్ వాడే విద్యార్థికి వీటన్నింటికన్నా ముందు చేయాల్సిన పని, ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయడం. విండోస్ దృష్టిలో ఫోన్ హాట్‌స్పాట్ కూడా మామూలు వైఫై లాంటిదే. ఇక్కడ కోటా ఉందని మనం చెప్తే తప్ప చాలాసార్లు దానికి తెలియదు. చెప్పాక అప్‌డేట్ల డౌన్‌లోడ్ చాలావరకు ఆగుతుంది, వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపుతుంది. ఈ గుర్తు ఆ ఒక్క నెట్‌వర్క్‌కే వర్తిస్తుంది కాబట్టి హాట్‌స్పాట్ పేరు మారిస్తే మళ్లీ పెట్టుకోవాలి. స్టీమ్ లాంటి గేమ్ లాంచర్లు దీన్ని పట్టించుకుంటాయన్న నమ్మకం పెట్టుకోకుండా, వాటి అప్‌డేట్ వేళలు వాటి సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో గ్రూపుల వీడియోలు వాటంతట అవి దిగడం ఆపడానికి కూడా అంతే, దాని లోపలి సెట్టింగే గతి.

ఏకంగా ఒక ప్రోగ్రామ్‌కు నెట్ లేకుండా చేయాలనుకుంటే విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అవుట్‌బౌండ్ రూల్ రాయవచ్చు. ఫైర్‌వాల్ ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటుందనుకోవడం పొరపాటు. పిలవకుండా బయటి నుంచి లోపలికి వచ్చేవాటిని అది ఆపుతుంది. లోపలి నుంచి బయటికి పోయేవాటిని, మనం రూల్ పెడితే తప్ప, పోనిస్తుంది. ఎస్‌వీసీహోస్ట్‌ను మాత్రం అందులో బ్లాక్ చేయకూడదు. వెబ్‌సైట్ పేర్లు వెతికిపెట్టే సర్వీసు కూడా అందులోనే ఉంది గనుక, డేటా మిగలడం అటుంచి అసలు ఏ సైటూ తెరుచుకోదు.

అన్ని సిస్టమ్‌లూ చూసి, జాబితాల్లో ఎక్కడా ఎవరూ పెద్దగా వాడట్లేదని తేలి, అయినా నెట్ నత్తనడక నడుస్తుంటే అప్పుడు తప్పు లైన్‌దో వైఫైదో. ఒక ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా బాక్స్‌కు కలిపి చూస్తే ఆ రెండింట్లో ఏదో కూడా తేలిపోతుంది.

జాబితా అడుగున ఉన్నవి

ఇంతవరకు చెప్పిందంతా ఎక్కువ తినేవాళ్లను పట్టుకునే పద్ధతి. హాని చేసేవాళ్లు ఈ పద్ధతికి దొరకరు. పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ పంపాల్సింది కొన్ని కిలోబైట్లే. కంప్యూటర్‌ను వాడుకుని క్రిప్టో నాణేలు తవ్వే మైనర్‌కు కావాల్సింది ప్రాసెసర్ బలం. నెట్‌లో అది మార్చుకునే డేటా అత్యల్పం. ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన జాబితాలో ఇవి అట్టడుగున, పట్టించుకోనక్కర్లేనట్టు కనిపిస్తాయి.

డీటీపీ షాపుల్లో ఇది ఊహ మాత్రమే కాదు. ఫొటో ఎడిటింగ్‌కు, తెలుగు టైపింగ్‌కు, ఆఫీసు పనికి క్రాక్ చేసిన కాపీలు వాడే అలవాటు అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. క్రాక్ నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపి నడిపిన ఆ ఫైలులో ఏముందో నడిపినవారికి తెలియదు. ఆ సిస్టమ్‌లోనే కస్టమర్ల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు, వాట్సాప్ వెబ్ అన్నీ ఉంటాయి.

ఇక్కడ చూడాల్సింది పరిమాణం కాదు, తీరు. ఏ పనీ చేయకుండా, బ్రౌజర్ మూసి, సిస్టమ్‌ను కొంతసేపు అలాగే వదిలి టీసీపీవ్యూ తెరిస్తే, తెలిసిన పేర్ల మధ్య తెలియని పేరేదైనా ఒకే అడ్రస్‌కు పదేపదే కనెక్ట్ అవుతోందా అన్నది కనిపిస్తుంది. అనుమానం వస్తే టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చూడాలి. అసలైన ఎస్‌వీసీహోస్ట్ ఉండేది విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో. అదే పేరుతో టెంప్ ఫోల్డర్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో దొరికితే అది వేషం వేసుకున్నదే. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ ఉందా, ఎవరి పేరు మీద ఉందన్నది ఇంకో పరీక్ష. వైరస్‌టోటల్ సైట్‌లో ఆ ప్రోగ్రామ్ ఫైలు వేస్తే పదుల కొద్దీ యాంటీవైరస్‌లు దాని గురించి ఏమంటున్నాయో ఒకేచోట వస్తుంది. కస్టమర్ల పత్రాలను మాత్రం అందులో వేయకూడదు. అక్కడ వేసిన ఫైళ్లు భద్రతా పరిశోధకులకు అందుబాటులోకి వెళ్తాయి.

ఉచిత వీపీఎన్‌లలో కొన్ని వేరే దారి పట్టాయి. మనకు ఉచితంగా ఇచ్చినందుకు బదులుగా, మన లైన్ మీద నుంచి ఇతరులు ఇంటర్నెట్ వాడుకునేలా చేస్తాయి. ఎవరో చేసిన పనికి మన ఐపీ అడ్రస్ పడుతుంది. సిస్టమ్ ఖాళీగా ఉన్నా ఆ వీపీఎన్ పేరు పక్కన పంపిన లెక్క, తెచ్చుకున్న లెక్క రెండూ దాదాపు సమానంగా పెరుగుతుంటే దాన్ని వెంటనే తీసేయాలి.

రిసోర్స్ మానిటర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో అడుగున "లిజనింగ్ పోర్ట్స్" అని ఒక భాగం ఉంటుంది. బయటి నుంచి పిలుపు వస్తుందేమోనని కాచుకుని కూర్చున్న ప్రోగ్రాముల పేర్లు అందులో ఉంటాయి. విండోస్ సొంత సర్వీసులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వెతకాల్సింది ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ యాప్‌ల కోసం. ప్రింటర్ డ్రైవర్ వేయడానికనో, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సరిచేయడానికనో ఎప్పుడో ఎవరో పెట్టించి ఉంటారు. పని అయిపోయినా అది సర్వీసుగా ఇన్‌స్టాల్ అయి, సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ లేచి కూర్చుంటుంది. వాటిలో తప్పేమీ లేదు, పనికొచ్చే సాధనాలే. కాకపోతే బ్యాంకు నుంచి అంటూ, కరెంటు ఆఫీసు నుంచి అంటూ ఫోన్ చేసే మోసగాళ్లు ముందు పెట్టించేది కూడా వీటినే. ఇవి లిజనింగ్ జాబితాలో లేకున్నా, తమ కంపెనీ సర్వర్‌కు బయటికి ఒక కనెక్షన్ తెరిచి ఉంచుకుని దాని ద్వారానే పిలుపు అందుకోగలవు. అందుకని పై జాబితాల్లో కూడా ఆ పేర్లు వెతకాలి.

అలాంటిది నడుస్తూ దొరికి, ఎవరు పెట్టారో తెలియకపోతే ముందు లాన్ వైర్ పీకాలి లేదా వైఫై ఆపాలి. ప్రోగ్రామ్ తీసేయడం ఆ తర్వాత. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను ఆ సిస్టమ్ నుంచి కాక వేరే ఫోన్ నుంచి మార్చాలి. అప్పటికే అకౌంట్లో డబ్బు కదిలి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. డేటా యూసేజ్ పేజీని చెరిపేయకుండా ఫొటో తీసి పెట్టుకోవడం కూడా మంచిదే. ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా వాడిందన్న ఆ లెక్క ఫిర్యాదు రాసేటప్పుడు పనికొస్తుంది.